‘మీరేమిట్లు?’ అనే ప్రశ్నకు ఎదురుప్రశ్న: ఏడ్రియన్ పైపర్ కళ

మన సభల్లో, క్లాసు రూముల్లో కులాన్నీ జాతివివక్షనూ పక్కపక్కన పెట్టి మాట్లాడినప్పుడల్లా ఒక అభ్యంతరం తప్పకుండా లేస్తుంది. అమెరికాలో నల్లవాడి నలుపు కంటికి కనపడుతుంది, ఇక్కడ కులం కంటికి కనపడదు, కాబట్టి పోలిక కుదరదు అని. 2001లో దర్బన్‌లో జాత్యహంకార వ్యతిరేక ప్రపంచ మహాసభ జరిగినప్పుడు భారత ప్రభుత్వం కులం జాతి కాదని వాదించి, తుది ప్రకటనలో ఆ ఊసు రాకుండా చూసుకుంది. మనవాళ్ళలో కొందరు ఇదే మాటను ఇంకో అర్థంతో అంటారు: కనపడదు కాబట్టే కులం మరింత ప్రమాదకరం అని. ఉద్దేశాలు వేరైనా రెండు వాదనలూ ఒక్క నమ్మకం మీదే నిలబడ్డాయి. జాతి అంటే ఒంటి రంగు అన్న నమ్మకం అది.

అమెరికన్ కళాకారిణి ఏడ్రియన్ పైపర్ యాభై ఏళ్ళకు పైగా చేసిన పని ఆ నమ్మకాన్ని పునాది దగ్గర కదిలిస్తుంది. ఆమె నల్లజాతి కుటుంబంలో పుట్టింది. చూస్తే తెల్లగా ఉంటుంది. ఈ రెండు వాక్యాల మధ్య ఉన్న సందులోంచే ఆమె చేసిన వాటిలో బలమైనవన్నీ పుట్టుకొచ్చాయి. నల్లజాతి కవిత్వం, కథ, పాట మనకు కొంత తెలుసు. దళిత పాంథర్లు 1972లో బొంబాయిలో పేరు పెట్టుకున్నదే బ్లాక్ పాంథర్లను చూసి. కానీ నల్లజాతి చిత్రకళ గురించి మన పత్రికల్లో పెద్దగా చర్చ జరగలేదు. జరగాల్సి వస్తే, కులం దాచుకొని బతకాల్సి రావడం అంటే ఏంటో తెలిసిన మనకు, మొదట మాట్లాడుకోవాల్సిన మనిషి పైపరే అని నా అభిప్రాయం.

ఆమె 1948లో న్యూయార్క్‌లో పుట్టింది. నల్లవాళ్ళు ఎక్కువగా ఉండే పేటలో పెరిగింది. అక్కడి పిల్లలు పాలిపోయిన మొహందానా అని ఏడిపించేవాళ్ళు. తెల్లవాళ్ళ పిల్లలు చదివే స్కూలుకు పోతే అక్కడ ఇంకో రకం ఇబ్బంది. కళ చదివింది, తర్వాత తత్వశాస్త్రం చదివింది. జాన్ రాల్స్ దగ్గర హార్వర్డ్‌లో పరిశోధన చేసి 1981లో డాక్టరేటు తీసుకుంది. హార్వర్డ్‌లో చేరిన కొత్తలో జరిగిన విందులో ఒక పేరుమోసిన అధ్యాపకుడు ఆమె దగ్గరికొచ్చి, నువ్వెంత నల్లదానివో నేనూ అంతే నల్లవాణ్ణి అన్న అర్థంలో ఎకసెక్కమాడాడని 1992లో అచ్చయిన ఒక వ్యాసంలో ఆమె రాసుకుంది. తెల్లగా ఉండి నల్లవాళ్ళ కోటాలో సీటు కొట్టేశావు అని ఆ మాటకు అర్థం. యూనివర్సిటీ మెట్లెక్కిన మన పిల్లలకు ఈ మాట వేరే వేషంలో రోజూ వినపడేదే. నిన్ను చూస్తే ఎస్సీలా లేవే అంటారు. అది మెచ్చుకోలు అనుకొని అంటారు!

పైపర్ కళను ఏ పేరుతో పిలవాలన్న చర్చ విమర్శకులకు వదిలేద్దాం. పెన్సిలు బొమ్మ, ఫొటో, టైపు చేసిన పేరాలు, పత్రికా ప్రకటన, అచ్చు కార్డు, వీడియో, కుర్చీలు, బల్లలు, చివరికి తన సొంత ఒళ్ళు, ఏది పనికొస్తే దాన్ని వాడుతుంది. 1973 నుంచి 1975 దాకా మగవేషం కట్టి, గుబురు జుట్టు విగ్గు, మీసం, నల్లకళ్ళద్దాలు పెట్టుకొని వీధుల్లో తిరిగింది. తెల్ల సమాజం భయపడే నల్ల మగవాడి బొమ్మను తన ఒంటి మీద వేసుకొని, దానికి పురాణ పురుషుడు అనే అర్థం వచ్చే పేరు పెట్టింది. 1978లో తన ఫొటోను సగం మామూలుగా, సగం నెగటివ్‌గా అచ్చువేసి దాని మీద తన చిన్నతనం కథ టైపు చేసింది. 1981లో తన మొహాన్నే తీసుకొని అందులో నల్లజాతి లక్షణాలుగా చెప్పుకునేవాటిని పెంచి పెన్సిలు బొమ్మ గీసుకుంది. 1995లో ఇంకోటి చేసింది, ఈసారి మంచి తెల్లావిడగా. ఈ రెండు బొమ్మలనూ పక్కపక్కన పెట్టి చూస్తే ఏది అసలు మొహం అనే ప్రశ్నకే అర్థం లేకుండా పోతుంది. మొహం ఒకటే. చూసేవాడి కళ్ళలో ముందే ఉన్న బొమ్మలు రెండు.

ఇవన్నీ ఒక ఎత్తు. 1986 నుంచి 1990 దాకా ఆమె పంచిన చిన్న కార్డు ఒక్కటే ఒక ఎత్తు. చూడ్డానికి మామూలు విజిటింగ్ కార్డు. విందుల్లో, పార్టీల్లో తెల్లవాళ్ళు తమ మధ్య నల్లవాళ్ళెవరూ లేరన్న ధీమాతో ఏదో ఒక కూతకూస్తారు, పక్కనున్నవాళ్ళు నవ్వుతారు. అప్పుడు పైపర్ గొడవపడదు, ఏడవదు, లేచిపోదు. ఆ మాట అన్నవాడి చేతిలో కార్డు పెడుతుంది. తాను నల్లజాతి మనిషినని, ఆ సంగతి తెలియక ఆ మాట అన్నారనో దానికి నవ్వారనో తాను అనుకుంటున్నానని అందులో ఉంటుంది. ఇంతకుముందు తన జాతిని ముందే చెప్పి చూశాననీ, అట్లా చెబితే దూకుడు మనిషిననీ పద్ధతి తెలియనిదాన్ననీ అంటున్నారనీ ఉంటుంది. అందుకే ఇప్పుడు నల్లవాళ్ళు లేనిచోట కూడా తెల్లవాళ్ళు ఇట్లాంటి మాటలు అనరనే భావించి, అన్నప్పుడు మాత్రం ఈ కార్డు ఇస్తున్నానని ఉంటుంది. నా ఉనికి మీకు కలిగించిన ఇబ్బందికి నేను విచారిస్తున్నాను, మీ జాత్యహంకారం నాకు కలిగించిన ఇబ్బందికి మీరూ విచారిస్తూనే ఉంటారు కదా అన్న అర్థంలో, ఎంతో మర్యాదగా, ముగుస్తుంది.

ఒక్కసారి దీన్ని మన స్టాఫ్ రూములోకి తెచ్చుకుందాం. మధ్యాహ్నం టిఫిన్ బాక్సులు తెరిచారు. రోస్టర్ పాయింట్ల మీద మాట నడుస్తోంది. వీళ్ళకేం, చదివినా చదవకపోయినా వస్తుంది అంటాడొకాయన. అందరూ తలలూపుతారు. ఆ బల్ల చివర కూర్చున్న మాస్టారి ఇంటిపేరు అన్ని కులాల్లోనూ ఉండేదే. ఊరు దూరం. ఎవరికీ తెలియదు. ఆయన ముద్ద నోట్లో పెట్టుకోవాలి, నమలాలి, మింగాలి. చెబితే ఏమౌతుంది? ముందే చెప్పొచ్చు గదా, మేం అట్లా అనుకునేవాళ్ళం కాదుగా అంటారు. అంటే తప్పు ఆయనదే. ముందే చెబితే? ప్రతిదానికీ కులం తెస్తాడండీ అంటారు. అప్పుడూ తప్పు ఆయనదే. ఈ రెండు తప్పుల మధ్య ఇరుక్కున్న మనిషి పరిస్థితిని పైపర్ కార్డు పట్టుకున్నంత సూటిగా పట్టుకున్న కళ నాకు ఇంకొకటి తెలియదు. చెప్పడమూ నేరమే, చెప్పకపోవడమూ నేరమే అన్న స్థితిని ఎవరు తయారుచేశారో వాళ్ళ చేతిలోనే ఆ కాగితం పెట్టి, ఇప్పుడు మీరు చెప్పండి అంటుంది అది.

విదేశాల్లో చదువుకొని వచ్చి బరోడా కొలువులో చేరిన అంబేడ్కర్‌కు ఉండడానికి చోటు దొరకలేదు. పార్సీల సత్రంలో పార్సీ పేరు రాయించుకొని తలదాచుకున్నారు. పదకొండో రోజున కర్రలు పట్టుకొని వచ్చిన పార్సీలు ఆయన్ను బయటికి వెళ్ళగొట్టారు. కొలంబియా, లండన్ చదువులు చదివినాయనకే వేరే పేరు మీద బతకాల్సి వచ్చింది. ఇందులో సిగ్గుపడాల్సింది ఆయన కాదని మనం ఇప్పుడు తేలిగ్గా అంటాం. కానీ హైదరాబాదులో, విజయవాడలో ఇల్లు అద్దెకు అడగబోయినప్పుడు ఓనరు ‘మీరేమిట్లు?’ అని అడిగితే నోట్లో ఇంకో కులం పేరు పలికిన మనవాళ్ళను మాత్రం పిరికివాళ్ళంటాం. పైపర్ ఈ విషయంలో మనకన్నా దయగా ఉంది. తన బంధువుల్లో కొందరు తెల్లవాళ్ళుగా చెలామణీ అయిపోయి కుటుంబంతో సంబంధాలు తెంచుకున్నారు. వాళ్ళను గురించి ఆమె బాధపడింది గానీ వాళ్ళ గుట్టు బయటపెట్టలేదు. ఆ బతుకుల్లో ఎంత భయం ఉంటుందో, ఎన్ని పెళ్ళిళ్ళకూ చావులకూ పోలేకపోతారో 1992 వ్యాసం చదివితే తెలుస్తుంది.

అయితే కార్డుకు ఒక పరిమితి ఉంది. అది ఒక్క మనిషి ఒక్క మనిషికి ఇచ్చేది. పార్టీ అయిపోతే కార్డూ అయిపోతుంది. 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మొదలైన దండోరా ఉద్యమం చేసిన పనిని దీని పక్కన పెట్టి చూడాలి. తిట్టుగా వాడిన మాటను, దాచుకోవాల్సిందని నేర్పిన మాటను, వేలమంది పేరు చివర తగిలించుకున్నారు. మంద కృష్ణ మాదిగ అని పిలవాల్సి వచ్చినప్పుడు అగ్రకుల విలేకరుల నోళ్ళు ఎట్లా తడబడ్డాయో ఆనాటివాళ్ళకు గుర్తే. అడిగేదాకా ఆగని కార్డు అది. ‘మీరేమిట్లు’ అని అడిగే అవకాశమే అవతలివాడికి లేకుండా చేసింది. ఎవరి మిత్రులు ఎవరైనా, వర్గీకరణ మీద ఎవరి అభిప్రాయం ఏదైనా, పేరుతో చేసిన ఆ పని తెలుగు నేల మీద జరిగిన పెద్ద సాంస్కృతిక ఘటన. కళా విమర్శ దాన్ని కళగా గుర్తించకపోవడం కళా విమర్శ లోపం.

ఇక ‘కార్నర్డ్’ దగ్గరికి వద్దాం. మూలకు నెట్టబడ్డ మనిషి అని దాని అర్థం. 1988లో చేసింది, ఇప్పుడు చికాగోలోని సమకాలీన కళా మ్యూజియంలో ఉంది. గది మూలలో ఒక టీవీ. దాని ముందు ఒక బల్ల పక్కకి పడగొట్టి ఉంటుంది, పైపలక మనవైపు తిరిగి, రాళ్ళ దాడికి అడ్డంపెట్టుకున్నట్టు. ఎదురుగా ప్రేక్షకుల కోసం త్రికోణంగా పేర్చిన కుర్చీలు. టీవీలో పైపర్ ముత్యాల దండ వేసుకొని, బ్యాంకు ఉద్యోగిలాగా, గొంతు పెంచకుండా దాదాపు పావుగంట మాట్లాడుతుంది. నేను నల్లజాతి మనిషిని అని మొదలుపెడుతుంది. ఈ మాట విని మీకెందుకు ఇబ్బందిగా ఉంది, నేనెందుకు చెప్పాల్సి వచ్చింది, చెప్పకపోతే నేనేం వినాల్సి వచ్చేది అని ఒక్కో ముడీ విప్పుతూ పోతుంది. తర్వాత కథ తిరగబడుతుంది. ఈ దేశంలో ఒక్క చుక్క నల్లరక్తం ఉన్నా నల్లవాడే అన్నది మీరు పెట్టిన నియమం కదా, ఆ లెక్కన మీలో చాలామంది నల్లవాళ్ళే, ఇప్పుడు ఏం చేస్తారు అంటుంది. మీ యజమానికి చెబుతారా? స్నేహితులకు చెబుతారా? నోరు మూసుకొని తెల్లవాళ్ళుగానే కొనసాగుతారా? అప్పటిదాకా తీర్పు చెప్పే కుర్చీలో కూర్చున్నవాడు చూస్తుండగానే బోనులోకి వచ్చిపడతాడు.

టీవీకి రెండు పక్కలా గోడ మీద రెండు కాగితాలు వేలాడుతుంటాయి. రెండూ పైపర్ తండ్రి జనన ధ్రువపత్రాలే. మనిషి ఒక్కడే, పుట్టుక ఒక్కటే. ఒక దాంట్లో తెల్లవాడని ఉంటుంది. రెండోదాంట్లో ‘ఆక్టరూన్’ అని ఉంటుంది, అంటే ఎనిమిదో వంతు నల్లవాడని. నా దృష్టిలో ఈ పని మొత్తానికి ఆయువుపట్టు ఆమె ప్రసంగం కాదు, ఈ రెండు కాగితాలే. ప్రసంగం వాదిస్తుంది. కాగితాలు ఊరికే అక్కడుంటాయి. రక్తంలో ఉందని చెప్పే జాతిని నిజానికి ఎక్కడ తయారుచేస్తారో, ఏ గుమాస్తా ఏ గడిలో ఏం నింపితే మనిషి ఏమౌతాడో అవి చూపిస్తాయి.

ఎనిమిదో వంతు అన్న ఆ మాటకు చరిత్ర ఉంది. 1892లో లూసియానాలో హోమర్ ప్లెసీ అనే ఆయన తెల్లవాళ్ళ రైలు పెట్టెలో కూర్చున్నాడు. ఆయనా ఎనిమిదో వంతు నల్లవాడే. చూస్తే తెల్లవాడు. తాను నల్లజాతివాణ్ణని నోరు తెరిచి చెబితే తప్ప అరెస్టు చేసే వీలు లేదు. చట్టాన్ని సవాలు చేయడానికే కూర్చున్నాడు కాబట్టి చెప్పాడు, అరెస్టయ్యాడు. 1896లో అమెరికా సుప్రీంకోర్టు వేరువేరు పెట్టెలు సబబేనని తీర్పిచ్చింది. 1924లో వర్జీనియా రాష్ట్రం తెల్లరక్తం శుద్ధిని కాపాడే చట్టం చేసి మిశ్రమ వివాహాలను నేరం చేసింది. 1967లో లవింగ్ దంపతుల కేసులో గానీ అట్లాంటి చట్టాలు కొట్టుకుపోలేదు.

మనవాళ్ళకు ఇది కొత్తకాదు. శూద్రుడికీ బ్రాహ్మణ స్త్రీకీ పుట్టినవాడు చండాలుడు అని మనుస్మృతి రాసిపెట్టింది. వర్ణసంకరం జరిగితే పుట్టేది అంటరానివాడే అని కథ అల్లడం వెనక ఉన్నది ఒకటే ఉద్దేశం, అగ్రవర్ణ స్త్రీ గర్భం మీద కాపలా. 1916లో కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివిన పత్రంలోనే అంబేడ్కర్ ఈ గుట్టు విప్పారు. కులానికి సారం అంతర్వివాహమే అన్నారు. కలిసిపోకుండా ఉంచడానికే కులం ఉంది, కలిసిపోయాక పుట్టినవాణ్ణి కింద పారేయడం దానికి శిక్ష. అమెరికా ఒక్క చుక్క లెక్కా, మనువు ప్రతిలోమం లెక్కా ఒకే దుకాణంలో రాసిన పద్దులు. అందుకే మిశ్రమ వారసత్వం అన్న మాటను ఈమధ్య ప్రదర్శనశాలల్లో వాడినట్టు రంగురంగుల పండగ మాటగా వాడుకోవడం మనకు కుదరదు. మనకది వెలివేత మాట.

ఇక్కడే పైపర్‌తో నాకు పేచీ ఉంది. తెల్లవాళ్ళుగా చెప్పుకునే అమెరికన్లలో 5 నుంచి 20 శాతం దాకా నల్లరక్తం ఉందని ‘కార్నర్డ్’లో ఆమె పరిశోధకుల పేరు మీద ఒక అంకె చెబుతుంది. తర్వాత వచ్చిన జన్యు అధ్యయనాల ముందు ఆ అంకె నిలవలేదు. 2015లో అచ్చయిన పెద్ద అధ్యయనం ప్రకారం, తెల్లవాళ్ళమని చెప్పుకున్నవాళ్ళలో ఒక శాతమో అంతకన్నా ఎక్కువో ఆఫ్రికన్ వారసత్వం ఉన్నవాళ్ళు సుమారు 3.5 శాతం మందే. అంకె తప్పయితే కళ పాడైపోతుందా అని అడగొచ్చు. పాడైపోదు, కానీ ఎక్కడ బలహీనమో తెలుస్తుంది. శత్రువు నియమాన్ని శత్రువు మీదకే తిప్పడం మంచి ఎత్తు. అయితే ఆ ఎత్తు నడవాలంటే రక్తం లెక్కను కాసేపైనా నిజమని ఒప్పుకోవాలి. నీలోనూ ఒక చుక్క ఉంది కాబట్టి నువ్వు నాకు న్యాయం చెయ్యి అనాలి. ఒక్క చుక్క కూడా లేనివాడు ఆ కుర్చీలోంచి హాయిగా లేచిపోతాడు గదా! పక్క గోడ మీద రెండు కాగితాలు రక్తం అబద్ధం అంటుంటే, మధ్యలో టీవీ రక్తం శాతాలు చెబుతుంది. ఆ పనిలో ఈ రెండూ ఒకదాన్నొకటి పొడుచుకుంటూనే ఉన్నాయి.

ఈ పేచీ మనకు పుస్తకాల్లో విషయం కాదు. 2016 జనవరి 17న హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో రోహిత్ వేముల చనిపోయాక, అతన్నీ మిగతా నలుగురినీ హాస్టల్ నుంచి వెలివేసింది ఎవరు అన్న ప్రశ్న కన్నా రోహిత్ అసలు దళితుడేనా అన్న ప్రశ్న పెద్దదైపోయింది. తల్లి రాధిక మాల. తనను చిన్నప్పుడే వడ్డెర కుటుంబం తెచ్చి పెంచిందనీ, వడ్డెర వ్యక్తికిచ్చి పెళ్ళి చేశారనీ, తర్వాత విడిపోయి మాలపేటలోనే పిల్లల్ని పెంచుకున్నాననీ ఆమె చెబుతూనే వచ్చింది. గుంటూరు జిల్లా యంత్రాంగం ఒకసారి ఎస్సీ అన్నది, తర్వాత కాదన్నది. కేంద్రం వేసిన రూపన్‌వాల్ కమిషన్ కాదన్నది. 2024లో తెలంగాణ పోలీసులు దాఖలు చేసిన కేసు మూసివేత నివేదికలోనూ అదే ఉంది. నిరసనలు లేచాక మళ్ళీ దర్యాప్తు చేస్తామన్నారు. ‘కార్నర్డ్’ గోడ మీది రెండు కాగితాలు ఇవే. ఒక్క మనిషి, రెండు సర్టిఫికెట్లు. తేడా ఏంటంటే, ఇక్కడ రెండో సర్టిఫికెట్టు నిందితులకు తప్పించుకునే దారి అయ్యింది. అతను ఎస్సీ కాకపోతే అట్రాసిటీ చట్టం వర్తించదు కాబట్టి.

2012 జనవరిలోనే సుప్రీంకోర్టు గుజరాత్‌కు చెందిన రమేష్‌భాయ్ నాయకా కేసులో ఈ విషయం మాట్లాడింది. కులాంతర వివాహంలో బిడ్డకు తండ్రి కులమే వస్తుందన్నది తిరుగులేని సూత్రం కాదు అన్నది. తల్లి దగ్గర పెరిగి, ఆమె సమాజం అనుభవించిన అవమానాలూ లేములూ బిడ్డ కూడా అనుభవించాడని, ఆ సమాజం తనలో ఒకడిగా చూసిందని రుజువు చేసుకునే అవకాశం ఉంది అన్నది. రక్తంలోంచి బతుకులోకి ప్రశ్నను తెచ్చిన తీర్పు అది. ఎంత శాతం అని కాదు, ఎక్కడ పెరిగావు, ఎవరితో తిన్నావు, నిన్ను ఎవరు ఏమని పిలిచారు అని అడగమన్నది. పైపర్ ప్రసంగం చేరలేని చోటికి ఈ తీర్పు చేరింది. కానీ దాన్ని అమలుచేయాల్సిన గుమాస్తాలు ఇంకా తండ్రి గడి దగ్గరే ఆగిపోయారు.

పైపర్ తత్వశాస్త్ర వ్యాసాల్లో ఒకటి మన అధ్యాపకులు తప్పక చదవాల్సింది ఉంది. పైమెట్టు వివక్ష మీద 1990లో వచ్చిన వ్యాసం. వివక్ష చూపేవాడు ఫలానా జాతివాడివి కాబట్టి నువ్వంటే నాకు పడదు అనడు, తనకు తానే ఒప్పుకోడు. ఆ జాతితో ముడిపడ్డ ఏదో ఒక లక్షణాన్ని, మాటతీరునో నడకనో పట్టుకొని, అదే అసలు లోపమని నిజంగానే నమ్ముతాడు అంటుంది. మన ఇంటర్వ్యూ బోర్డుల్లో కమ్యూనికేషన్ స్కిల్స్ తక్కువ, కాన్ఫిడెన్స్ చాలదు అని రాసే రిమార్కుల్ని ఈ వ్యాసం వెలుగులో చదవాలి.

అట్లాంటి పదునైన చూపున్న మనిషి 1965 నుంచి యోగాభ్యాసంలో ఉంది, 1985లో బ్రహ్మచారిణి అయ్యింది. నేను అనేది ఒక భ్రమ అన్న భారతీయ తత్వం ఆమెకు జాతి ముద్ర నుంచి ఊపిరి పీల్చుకునే చోటు ఇచ్చి ఉండొచ్చు. ఆ అవసరాన్ని తప్పుపట్టను. అయితే ఆ తత్వం చెప్పినవాళ్ళే మన నీడ సోకితే మైల అన్నారని, ఆత్మకు కులం లేదంటూనే ఒంటికి కులం కట్టారని ఆమె గ్రహించినట్టు ఆమె కళలో ఎక్కడా కనపడదు. అమెరికా దొంగలెక్కను అంత బాగా పట్టుకున్న కన్ను ఇక్కడి దొంగలెక్క ముందు మూసుకుపోయింది.

ఈ రెండు ధోరణులూ, శాతాల లెక్కా, నేను లేను అనే తత్వమూ, 2012లో ఒకచోట కలిశాయి. అప్పటికి ఆమె అమెరికా వదిలి బెర్లిన్‌లో ఉంటోంది. ప్రయాణికుల అనుమానితుల జాబితాలో తన పేరు ఉందని తెలిసి తిరిగి వెళ్ళనంది, దాంతో అక్కడి ప్రొఫెసర్ ఉద్యోగమూ పోయింది. తన 64వ పుట్టినరోజున ఒక ప్రకటన చేసింది, దాన్నీ కళగానే. నల్లమనిషిగా ఉండడం నుంచి రిటైరవుతున్నానని, ఇకనుంచి తాను 6.25 శాతం బూడిదరంగు మనిషినని. పదహారో వంతు ఆఫ్రికన్ వారసత్వానికి అది లెక్క. మరుసటి ఏడాది నల్లజాతి కళాకారుల ప్రదర్శన ఒకదాన్నుంచి తన పనిని వెనక్కి తీసుకుంది. ఇందులో వెటకారం ఉందని, గడి నింపమనే వ్యవస్థను ఎగతాళి చేయడమేనని సమర్థించేవాళ్ళున్నారు. వెటకారం ఉంది నిజమే. కానీ రిటైరవడం ఎవరికి కుదురుతుంది? ఒంటి రంగు నల్లగా ఉన్న నల్లవాడికి కుదరదు. పల్లెలో మాలపేటలో, మాదిగగూడెంలో ఉండేవాడికి కుదరదు. ఇల్లే అతని కార్డు. దాచుకునే వీలున్నవాడికే వదిలేసే వీలూ ఉంటుంది. రోహిత్ తన చివరి ఉత్తరంలో మనిషి విలువను ఒక గుర్తింపుకో ఓటుకో అంకెకో కుదించేశారని బాధపడ్డాడు. పైపర్ ఆ అంకెను తనంతట తానే మెడలో వేసుకుంది. దశాంశ స్థానాలతో సహా.

2015లో వెనిస్ ద్వైవార్షికలో ఆమెకు స్వర్ణ సింహం వచ్చింది. 2018లో న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియం ఆమె పనులన్నీ కలిపి పెద్ద ప్రదర్శన పెట్టింది. బహుమతులు ఆమె స్థానాన్ని ఏమీ మార్చవు. నాకు లెక్కలోకి వచ్చేవి కార్డూ, ఆ రెండు కాగితాలే.

‘కార్నర్డ్’ను క్లాసులో చూపించి, అట్లాంటిది మనమూ చేద్దాం అనుకునే అధ్యాపకులుంటారు. చెయ్యొచ్చు, కానీ మూలలో ఎవర్ని నిలబెడతారన్నది ముందు తేల్చుకోవాలి. పైపర్ అక్కడ టేపులో ఉంది. ముందు బల్ల అడ్డం ఉంది. ఆమె మాట ఎవడూ మధ్యలో ఆపలేడు. క్లాసులో ఉన్న ఒకే ఒక్క దళిత విద్యార్థిని లేపి నీ అనుభవం చెప్పమ్మా అంటే, బల్ల లేకుండా, టేపు లేకుండా ఆ పిల్లను రాళ్ళ ముందు నిలబెట్టినట్టే. దానికన్నా కుర్చీల్లో ఉన్నవాళ్ళతో మొదలుపెట్టడం మేలు. మీ కులం సర్టిఫికెట్టు తెచ్చి ఈ గోడకు తగిలించండి అని అడగండి. ఓసీల దగ్గర చాలాకాలం అట్లాంటి కాగితమే లేదు, అవసరం పడలేదు. 2019లో పది శాతం ఈడబ్ల్యూఎస్ రిజర్వేషన్ వచ్చాక వాళ్ళూ తహసీల్దారు ఆఫీసు వరండాలో నిలబడుతున్నారు. అక్కడ వాళ్ళను అడిగేది ఏడాది ఆదాయమెంత, పొలమెంత, ఇల్లెంత అని. మీ అమ్మ ఎవరింట్లో పెరిగింది, మీరు ఏ పేటలో ఉన్నారు, మీ ఇళ్ళల్లో ఏం తింటారు అని ఇంతవరకూ ఏ గుమాస్తా అడగలేదు.